ఒకే ఫండు, మూడు అంకెలు: ఒక రిటైర్డ్ టీచర్ గారి పోర్ట్‌ఫోలియో రిపోర్టు విప్పి చూసిన కేసు

మేడమ్ గారు బల్ల మీద మూడు కాగితాలు పరిచారు. మొదటిది ఫోన్ యాప్‌లో కనిపించిన స్క్రీన్, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి తెచ్చారు, ఆకుపచ్చ రంగులో లాభం 65 శాతం అని ఉంది. రెండోది ఫండ్ హౌస్ వాళ్ల ఫ్యాక్ట్‌షీట్ (ఫండు వివరాలు, రాబడులు చెప్పే పత్రం), గత 5 ఏళ్లలో ఏడాదికి 24.4 శాతం అంటోంది. మూడోది డల్లాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి స్టేట్‌మెంట్‌ని ఏదో వెబ్‌సైట్‌లో ఎక్కించి వాట్సాప్‌లో పంపింది, అందులో ఎక్స్‌ఐఆర్‌ఆర్ (డబ్బు పెట్టిన, తీసిన తేదీలు చూసి కట్టే ఏడాది రాబడి రేటు) 7.9 శాతం. మూడూ 2025 మార్చి 28 నాటివే. మూడూ ఒకే మ్యూచువల్ ఫండు గురించే.

"ఇందులో ఏది నిజం బాబూ?" అని అడిగారు.

మూడూ నిజమే. మూడింటిలోనూ లెక్క తప్పు లేదు. నేను కాకినాడలో ఫీజు మాత్రమే తీసుకుని సలహా ఇచ్చే రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ని, ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా ఎదురవుతుంది, కానీ మూడు అంకెలూ ఇంత దూరదూరంగా పడిన కేసు చాలా అరుదు. అందుకే ఆవిడ అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు తీసేసి, లెక్కకు సులువుగా ఉండేలా అంకెలు కాస్త రౌండ్ చేసి రాస్తున్నాను.

ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో మాథ్స్ టీచర్‌గా చేసి 2019లో 60 ఏళ్లకు రిటైరయ్యారు. పెన్షన్ వస్తుంది. గ్రాట్యుటీ, జీపీఎఫ్, కమ్యుటేషన్ కలిపి వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెట్టి, 10 లక్షలు మాత్రం తెలిసిన డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఒక లార్జ్ క్యాప్ ఫండులో (పెద్ద కంపెనీల షేర్లు కొనేది) పెట్టారు. తర్వాత ఇంకో హైబ్రిడ్ ఫండు (షేర్లూ, బాండ్లూ కలిపి ఉండేది), ఈ మధ్యే ఒక చిన్న సిప్ (నెలనెలా కొంత పెట్టే పద్ధతి). అంతే, పెద్ద చిక్కుల పోర్ట్‌ఫోలియో ఏమీ కాదు.

మొదటి రోజు నేను చేసిన పొరపాటు ముందే చెబుతాను, ఎందుకంటే ఈ వృత్తిలో ఉన్నవాళ్లు చాలామంది ఇదే చేస్తారు. మూడు కాగితాలూ చూసి, మూడో దాని మీద వేలు పెట్టి, "మేడమ్, మీ డబ్బు మీద మీకు వచ్చిన అసలు రాబడి ఇదండి, 7.9" అనేశాను. సాంకేతికంగా అది సరైన జవాబే. కానీ ఆవిడ ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. "అంటే ఇన్నాళ్లూ నన్ను మోసం చేశారా?" అన్నారు. అంకె చెప్పాను గానీ ఆ అంకె ఎందుకు అలా వచ్చిందో చెప్పలేదు కదా, చెప్పకపోతే మనిషి మనసు వెంటనే మోసం దగ్గరికే వెళ్తుంది. ఆ రోజు ఇంకేమీ మాట్లాడకుండా, మూడు రోజులు టైమ్ ఇవ్వమని అడిగాను.

ముందుగా చేసిన పని, రిజిస్ట్రార్ (ఫండ్ల లావాదేవీల రికార్డు చూసే సంస్థ) దగ్గర్నుంచి కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ (అన్ని ఫండ్ల లావాదేవీలూ ఒకేచోట ఉండేది) తెప్పించడం. క్యామ్స్, కేఫిన్‌టెక్ వెబ్‌సైట్లలో మెయిల్ ఐడీ, పాన్ ఇస్తే మెయిల్‌కి వచ్చేస్తుంది. ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. సమ్మరీ కాదు, డీటెయిల్డ్ అడగాలి, అదీ మొదటి లావాదేవీ జరిగిన తేదీ నుంచి. రెండోది, బ్యాలెన్స్ సున్నా అయిన ఫోలియోలు (ఫండు ఖాతాలు) కూడా కలపమని టిక్ పెట్టాలి. అది పెట్టకపోతే పూర్తిగా అమ్మేసిన ఫండ్లు అసలు కనిపించవు, మనిషి జీవితంలో జరిగిన నష్టాలన్నీ ఆ ఒక్క టిక్ వెనక దాక్కుంటాయి.

లార్జ్ క్యాప్ ఫండులో స్టేట్‌మెంట్ చూపించింది మూడే మూడు లావాదేవీలు.

2019 జులై 1న 10 లక్షలు పెట్టారు. ఎన్‌ఏవీ, అంటే ఒక యూనిట్ ధర, 40 రూపాయలు, 25,000 యూనిట్లు వచ్చాయి. 2020 ఏప్రిల్ 3న, అంటే లాక్‌డౌన్ పెట్టిన పది రోజులకు, 15,000 యూనిట్లు అమ్మేశారు. ఆ రోజు ఎన్‌ఏవీ 28. రావాల్సింది 4,20,000, ఏడాది నిండలేదు కాబట్టి ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (తొందరగా అమ్మితే పడే కోత) 4,200 పోను చేతికి 4,15,800 వచ్చాయి. 2021 అక్టోబర్ 18న మళ్లీ 8 లక్షలు పెట్టారు. ఎన్‌ఏవీ 64, వచ్చినవి 12,500 యూనిట్లు (స్టాంప్ డ్యూటీ 40 రూపాయలు ఉంది, దాన్ని ఇక్కడ పక్కన పెట్టాను). ఇప్పుడు చేతిలో 22,500 యూనిట్లు, మార్చి 28న ఎన్‌ఏవీ 88, విలువ 19,80,000.

ఈ నాలుగు వాక్యాల్లోనే మూడు కాగితాల జవాబూ ఉంది. రెండోసారి ఆవిడ వచ్చినప్పుడు నేను కంప్యూటర్ తెరవలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి, తేదీ, పెట్టింది, తీసింది, యూనిట్లు అని నాలుగు గడులు గీసి, ఆవిడ చేతే రాయించాను. మాథ్స్ టీచర్ కదా, పెన్ను చేతికి రాగానే టెన్షన్ సగం తగ్గింది.

ముందు యాప్ చూపిన 65 శాతం. యాప్ చూసేది ఈ రోజు చేతిలో ఉన్న యూనిట్లనే. పాత యూనిట్లలో మిగిలినవి 10,000, వాటి కొనుగోలు ధర 4 లక్షలు. కొత్తవాటి ధర 8 లక్షలు. మొత్తం 12 లక్షలు. విలువ 19.8 లక్షలు, లాభం 7.8 లక్షలు, అంటే 65 శాతం. లెక్క సరిగ్గానే ఉంది. మరి 2020లో అమ్మేసిన 15,000 యూనిట్లు ఎక్కడికి పోయాయి? వాటిని 6 లక్షలకు కొని 4,15,800కి వదులుకున్నారు. 1,84,200 నష్టం. ఆ నష్టం యాప్‌లో ఎక్కడా లేదు. ఎర్ర అక్షరాల్లో లేదు, కింద చిన్న అక్షరాల్లో కూడా లేదు, ఆ యూనిట్లతో పాటే అదీ వెళ్లిపోయింది. నిజంగా మిగిలిన లాభం 7,80,000 లోంచి 1,84,200 తీసేస్తే 5,95,800. ఇంకో రకంగా చూసినా అంతే వస్తుంది: చేతిలో ఉన్న 19.8 లక్షలు, తీసుకున్న 4,15,800 కలిపి, పెట్టిన 18 లక్షలు తీసేయండి.

పైగా ఆ 65కి కాలం లేదు. దాదాపు ఐదేళ్ల తొమ్మిది నెలల కథ అది. రెండేళ్లలో 65 వేరు, ఆరేళ్లలో 65 వేరు.

నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయమే ఉంది. అమ్మేసిన యూనిట్ల లాభనష్టాలు చూపకుండా, ఉన్నవాటి లాభాన్ని పెద్ద ఆకుపచ్చ అంకెగా పెట్టడం క్లయింట్‌కి చేసే అన్యాయం. చాలా యాప్‌లలో రియలైజ్డ్ గెయిన్స్ (అమ్మేసినవాటి లాభనష్టాలు) అని ఇంకో రిపోర్టు ఉంటుంది, మెనూలో నాలుగు చోట్ల నొక్కితే వస్తుంది. 66 ఏళ్ల మనిషి ఆ నాలుగు చోట్లా నొక్కుతుందని ఎలా అనుకుంటాం?

ఇక ఫ్యాక్ట్‌షీట్‌లోని 24.4. ఇది ఫండు రాబడి, ఆవిడ రాబడి కాదు. 2020 మార్చి 31న ఎన్‌ఏవీ 29.50, ఐదేళ్ల తర్వాత 88. దాదాపు మూడింతలు. ఏడాదికి చక్రవడ్డీ లెక్కన 24.4. కానీ ఆ కిటికీ ఎక్కడ మొదలైందో చూడండి. నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల ఇండెక్స్) 2020 మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది, మార్కెట్ అడుగుకి తగిలిన వారానికి ఈ ఐదేళ్ల కొలత మొదలైంది. అదే ఫండుని ఆవిడ డబ్బు పెట్టిన 2019 జులై నుంచి కొలిస్తే 40 నుంచి 88, ఏడాదికి 14.7 శాతమే. ఫండు మారలేదు, మేనేజర్ ఒక్క షేరూ అదనంగా కొనలేదు, కొలత మొదలెట్టిన రోజు తొమ్మిది నెలలు జరిగింది, పది శాతం తేడా వచ్చింది.

ఇంకో సంగతి ఆవిడే పట్టుకున్నారు. నోట్‌బుక్‌లో తేదీలు చూస్తూ, "ఈ 24.4 మొదలైన మూడో రోజునే కదా నేను బయటికొచ్చేశాను" అన్నారు. అవును. ఫండుకి ఆ రాబడి ఇచ్చిన ఐదేళ్లలో ఆవిడ యూనిట్లలో అయిదింట మూడు వంతులు లోపల లేవు.

తర్వాత ఆవిడే ఒక పోలిక చెప్పారు, నేను అప్పట్నుంచి ప్రతి క్లయింట్‌కీ అదే వాడుతున్నాను. "అంటే ఇది స్కూలు పాస్ పర్సెంటేజీ, అది మా పిల్లాడి మార్కుల లిస్టు." స్కూల్లో 95 శాతం పాసయ్యారని బోర్డు కడతారు, అది అబద్ధం కాదు, కానీ సగం ఏడాది బడికి రాని పిల్లాడికి ఎన్ని మార్కులు వచ్చాయో ఆ బోర్డు చెప్పదు.

మూడో కాగితానికి వద్దాం. 7.9. ఎక్స్‌ఐఆర్‌ఆర్ అంటే భయపడాల్సింది లేదు: ప్రతి రూపాయి ఏ రోజు లోపలికి వెళ్లింది, ఏ రోజు బయటికి వచ్చింది అని చూసి, ఆ రాకపోకలన్నింటికీ సరిపోయే ఒకే ఒక వడ్డీ రేటు ఏదో వెతకడం. ఎక్సెల్‌లో తేదీలు ఒక వరుస, మొత్తాలు ఒక వరుస పెట్టి, పెట్టినవి మైనస్, తీసినవి ప్లస్, చివర్లో నేటి విలువ ప్లస్‌గా రాస్తే అదే చెబుతుంది. కానీ ఎక్సెల్ చెప్పింది నమ్మమంటే ఆవిడకి చాలదు. అందుకని చిన్న లెక్క ఒకటి ఇచ్చాను.

ఒక ఫండు మొదటి ఏడాది 50 శాతం పెరిగింది, రెండో ఏడాది 10 శాతం పడింది. ఎన్‌ఏవీ 100 నుంచి 150, అక్కణ్నుంచి 135. ఫండు రెండేళ్ల రాబడి ఏడాదికి 16.2 శాతం, ప్రకటన వేసుకోవచ్చు. ఒకాయన మొదట్లో 2 లక్షలు పెట్టాడు, 50 శాతం చూసి సంబరపడి ఏడాది చివర ఇంకో 10 లక్షలు పెట్టాడు. 2 లక్షలు 3 అయ్యాయి, 10 కలిపితే 13, పది శాతం పోతే 11.7 లక్షలు. 12 పెట్టాడు, 11.7 ఉంది. ఫండు 16.2 శాతం లాభంలో ఉంది, ఆయన నష్టంలో ఉన్నాడు.

"రేటు కనుక్కోండి మేడమ్" అన్నాను. ఒక్క నిమిషం చూసి, 2 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ ఈక్వల్స్ టు 11.7 అని రాశారు. వర్గ సమీకరణం. సూత్రం వేసి, వర్గమూలం 13.914 చేత్తోనే తీసి, ఎక్స్ విలువ 0.9785 అని కింద రెండు గీతలు కొట్టారు. ఏడాదికి మైనస్ 2.15 శాతం. అప్పుడు తల ఎత్తి చూసిన చూపు నాకు గుర్తుంది, పదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు నేర్పిన లెక్కే తన డబ్బు మీద నడుస్తోందని అప్పుడే తెలిసింది ఆవిడకి. తన కేసులో తేదీలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి కాబట్టి సూత్రం కుదరదు, ఒక రేటు వేసి చూసి సరిచేసుకుంటూ పోవాలి, అంతే తేడా. 8 వేస్తే కొంచెం ఎక్కువొచ్చింది, 7.9 దగ్గర కలిసింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 14.7 ఇచ్చిన ఫండులో ఆవిడకి 7.9 ఎందుకు మిగిలింది, తప్పు ఎవరిది? ఫండుదా? ఇది తేల్చడానికి నేను ఎప్పుడూ చేసే పరీక్ష ఒకటుంది: అదే తేదీల్లో అవే మొత్తాలు ఇండెక్స్‌లో పెట్టి, తీసి ఉంటే ఏమయ్యేది? నిఫ్టీ 2019 జులై 1న 11,865, 2020 ఏప్రిల్ 3న 8,084, 2021 అక్టోబర్ 18న 18,477, 2025 మార్చి 28న 23,519. ఈ లెక్కన చివర్లో చేతిలో సుమారు 17.9 లక్షలు ఉండేవి, రేటు 5.6 శాతం. ఇండెక్స్ మాత్రం అదే కాలంలో ఏడాదికి 12.6 పెరిగింది. అంటే ఫండులోనూ ఇండెక్స్‌లోనూ ఒకే రకంగా ఏడు శాతం దాకా జారిపోయింది. జారింది ఫండు లోపల కాదు, రాకపోకల్లో.

ఇక్కడ ఒక మాట. నేను పైన వాడింది డివిడెండ్లు కలపని మామూలు నిఫ్టీ, ఎందుకంటే ఆ అంకెలు అందరికీ తెలిసినవి. డివిడెండ్లు కూడా కలిపిన టోటల్ రిటర్న్ ఇండెక్స్ తీసుకుంటే ఏడాదికి ఒక శాతానికి పైగానే ఎక్కువ వస్తుంది. 2018 ఫిబ్రవరి నుంచి మ్యూచువల్ ఫండ్లు తమ పనితీరుని దానితోనే పోల్చి చూపాలని సెబీ (మార్కెట్ నియంత్రణ సంస్థ) నియమం. కానీ మధ్యవాళ్లు తయారుచేసే రిపోర్టుల్లో ఇప్పటికీ మామూలు నిఫ్టీ పక్కన పెట్టి "బెంచ్‌మార్క్‌ని దాటాం" అని రాసినవి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఈ ఫండు కూడా 14.7కి 12.6 పెట్టి చూస్తే ఘనంగా కనిపిస్తుంది, సరైన ఇండెక్స్ పెడితే ఆ ఘనతలో చాలా భాగం పోతుంది. చెడ్డ ఫండు కాదు, అద్భుతమూ కాదు.

ఆవిడ అడిగిన ఇంకో ప్రశ్నకి సూటిగానే జవాబు చెప్పాను. "అదే పోస్టాఫీసులో వేసుంటే?" 2019 జులైలో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 8.6 శాతం, ఐదేళ్లూ అదే రేటు. 10 లక్షలకి మూడు నెలలకోసారి 21,500. వడ్డీ మీద పన్ను ఉంటుంది నిజమే, కానీ ఇన్ని నిద్రలేని రాత్రులు ఉండవు. ఆవిడ రాకపోకలతో చూస్తే షేర్లలో ఉండి ఆవిడకి అంతకంటే ఎక్కువేమీ మిగల్లేదు. అలాగని షేర్ల మీద నింద వేయడానికీ లేదు: ఏమీ చేయకుండా ఆ 25,000 యూనిట్లనీ అలాగే ఉంచుకుని ఉంటే ఆ 10 లక్షలే 22 లక్షలు అయ్యేవి.

మోసం జరిగిందా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నా జవాబు: మోసం కాదు, నిర్లక్ష్యం. 2020 ఏప్రిల్ మొదటి వారంలో ఆవిడ డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసి తీసేయమన్నారు, అవతలి మనిషి ఫారం పంపారు. అంతే జరిగింది. "ఇది ఎంతకాలానికి పెట్టిన డబ్బు మేడమ్, ఇప్పుడు అవసరమా" అని ఎవరూ అడగలేదు. ఆ డబ్బు తర్వాత ఏడాదిన్నర సేవింగ్స్ ఖాతాలోనే పడి ఉంది. మళ్లీ 2021లో అందరూ మార్కెట్ మార్కెట్ అంటుంటే, డిపాజిట్ ఒకటి మెచ్యూర్ అయితే అదీ కలిపి పెట్టారు. 28కి వదిలిన యూనిట్లని 64కి కొన్నారు. కమీషన్ తీసుకోవడం నేరం కాదని నేను నమ్ముతాను, కానీ ఆ కమీషన్ ఎందుకిస్తారో చెప్పమంటే, సరిగ్గా అలాంటి ఏప్రిల్‌లో చేసే ఒక ఫోన్ కాల్ కోసమే అంటాను.

ఆ కమీషన్ ఎంతో కూడా క్లయింట్‌కి తెలుస్తుంది. 2016 అక్టోబర్ నుంచి ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో, ఫండ్ హౌస్ డిస్ట్రిబ్యూటర్‌కి ఇచ్చిన మొత్తం రూపాయల్లో ఉంటుంది. ఆవిడ మెయిల్‌లో వెతికితే దొరికింది, తెరవలేదు ఎప్పుడూ. లార్జ్ క్యాప్ ఫండు వరుసలో ఆరు నెలలకి 8,600.

ఇప్పుడు హైబ్రిడ్ ఫండు. ఇది నాకు ఈ కేసులో అన్నింటికంటే నచ్చిన భాగం, ఎందుకంటే అదే యాప్ ఇక్కడ సరిగ్గా తిరగేసి చెప్పింది. 2021 మార్చి చివర్లో 5 లక్షలు పెట్టారు, డివిడెండ్ ఆప్షన్. ఇప్పుడు విలువ 4.9 లక్షలు. యాప్‌లో ఎర్రగా మైనస్ 2 శాతం. "నాలుగేళ్లకి నష్టం, దీన్ని తీసిపారేద్దాం బాబూ" అన్నారు.

కానీ ఈ ఫండు నెలనెలా 3,000 ఇస్తూ వచ్చింది. 48 నెలలు, 1,44,000. టీడీఎస్ 10 శాతం పట్టుకుని 2,700 చొప్పున బ్యాంకులో పడుతుంటే ఆవిడ దాన్ని కరెంటు బిల్లుకి, మందులకి వాడుకున్నారు, ఫండు ఇచ్చిందని లెక్కలో వేసుకోలేదు. యాప్ కూడా వేసుకోలేదు. అది కలిపితే లాభం 1,34,000, పన్నుకి ముందు ఏడాదికి సుమారు 7 శాతం. ఆవిడ తిట్టిన ఫండూ, మెచ్చుకున్న ఫండూ ఆవిడ చేతికి దాదాపు ఒకే రేటు ఇచ్చాయి! మొదటి ఫండులో బయటికి పోయిన నష్టాన్ని యాప్ మరిచిపోయింది, రెండోదాంట్లో బయటికి వచ్చిన ఆదాయాన్ని మరిచిపోయింది. పెట్టెలో ఉన్నదే లెక్క, పెట్టె దాటిందేదీ దానికి లెక్క కాదు.

ఈ డివిడెండ్ అన్న మాటే తప్పుదారి పట్టిస్తోందని 2021 ఏప్రిల్ నుంచి దాని పేరు ఐడీసీడబ్ల్యూగా మార్చారు, ఆదాయం పంచడంతో పాటు మన అసలు కూడా తీసి ఇవ్వడం అని అర్థం. పేరు మార్చడం మంచి పనే, కానీ ఆ పొట్టి అక్షరాలని విప్పి చెప్పేవాళ్లు కావాలి. దాన్ని మేము గ్రోత్‌కి (డివిడెండ్ పంచకుండా డబ్బు ఫండులోనే ఉంచే ఆప్షన్) మార్చి, కావలసినంత నెలనెలా తీసుకునేలా ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకోవాలని తేల్చాం. కొన్నది 5 లక్షలు, మార్చేది 4.9 లక్షలకి కాబట్టి మార్పిడికి పన్ను పడదు.

సిప్ సంగతి చిన్నదే. జనవరి నుంచి నెలకి 5,000, మూడు వాయిదాలు, 15,000 పెడితే 15,300 ఉంది. లాభం 300 రూపాయలు, యాప్ చూపిన ఎక్స్‌ఐఆర్‌ఆర్ 16 శాతానికి పైనే. ఏడాది నిండని డబ్బుని ఏడాది రేటుకి సాగదీస్తే ఇలాగే ఉంటుంది, పడినప్పుడు కూడా ఇలాగే భయపెడుతుంది. ఏడాది దాటేదాకా ఆ గడి చూడొద్దని చెప్పాను. అన్నట్టు 50 లక్షలు పైబడి పీఎంఎస్‌లో (మేనేజర్ ఒక్కొక్కరికీ విడిగా పోర్ట్‌ఫోలియో నడిపే సేవ) పెట్టినవాళ్లకి వచ్చే రిపోర్టుల్లో టీడబ్ల్యూఆర్‌ఆర్ ఉంటుంది, 2020 నిబంధనల్లో సెబీ అదే చూపమంది, రాకపోకల ప్రభావం తీసేసి మేనేజర్ పనితనం మాత్రమే చూపే కొలత అది. మేనేజర్‌ని తూచడానికి అదే న్యాయం. మన డబ్బు ఏమైందో తెలియాలంటే పక్కన ఎక్స్‌ఐఆర్‌ఆర్ కూడా అడిగి తీసుకోవాలి.

అన్నింటికంటే బాధ కలిగించింది పన్ను దగ్గర బయటపడింది. 2020 ఏప్రిల్ నాటి ఆ 1,84,200 స్వల్పకాలిక మూలధన నష్టం. గడువులోపు రిటర్న్‌లో చూపించి ఉంటే 8 అసెస్‌మెంట్ సంవత్సరాల దాకా ముందుకి తీసుకెళ్లి, తర్వాత వచ్చే లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. ఆవిడ పెన్షనర్ కదా, ఎప్పటిలాగే ఐటీఆర్-1 వేశారు. దాంట్లో అలాంటి నష్టం రాసే చోటే లేదు. ఐటీఆర్-2 వేయాల్సింది. రిపోర్టులో నష్టం కనిపించలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు, ఆవిడ చెప్పలేదు కాబట్టి రిటర్న్ వేసిన ఆయన అడగలేదు. ఇప్పటి 12.5 శాతం రేటు, సెస్సు కలిపి చూస్తే సుమారు 24 వేలు అక్కడ ఊరికే పోయాయి. రిపోర్టులో ఒక గడి లేకపోవడం వల్ల మనిషికి ఎంత పోతుందని ఎవరైనా అడిగితే నేను ఈ అంకె చూపిస్తాను.

రెగ్యులర్ (డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొన్నది) నుంచి డైరెక్ట్ ప్లాన్‌కి (కమీషన్ లేకుండా నేరుగా కొనేది) మారదామన్నారు వాళ్లబ్బాయి వీడియో కాల్‌లో, ఈ రోజే మొత్తం మార్చేయమని. ఖర్చుల తేడా ఏడాదికి 0.9 శాతం దాకా ఉంది, 19.8 లక్షల మీద 17,800 పైనే, చిన్న మొత్తమేం కాదు. కానీ ఒకేసారి అమ్మితే లాభం 7.8 లక్షలు, అందులో 1.25 లక్షలు మినహాయింపు పోను 6.55 లక్షల మీద 12.5 శాతం, సెస్సుతో 85,150 కట్టాలి. అందుకని ఏడాదికి కొంత చొప్పున మార్చుకుంటూ వెళ్దామన్నాను. పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, ఒక్కోదానికి లాభం 48 రూపాయలు, 2,600 యూనిట్లు అమ్మితే లాభం 1,24,800, మినహాయింపులోనే సరిపోతుంది. కొత్తగా కొన్న డైరెక్ట్ యూనిట్లకి ఎగ్జిట్ లోడ్ గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందని కూడా రాసిపెట్టాం. ఎన్నేళ్లు పడుతుంది అని అబ్బాయి విసుక్కున్నాడు. పట్టనీ అన్నారు ఆవిడ.

చివరికి ఆవిడ కోసం ఒక పేజీ తయారుచేశాను, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. మొదటి నుంచి పెట్టింది 18,00,000. తీసుకున్నది 4,15,800. ఈ రోజు విలువ 19,80,000. ఈ రోజే అమ్మి పన్ను కడితే చేతికి 18,94,850. నిజమైన లాభం 5,95,800. అమ్మకాల్లో పోయింది 1,84,200. ఫండు నడిచిన రేటు 14.7, మీ డబ్బు నడిచిన రేటు 7.9. కింద ఖర్చుల గడి, అందులో డిస్ట్రిబ్యూటర్ కమీషన్‌తో పాటు నా ఫీజు కూడా ఉంది, అదీ ఆవిడ జేబులోంచే పోతోంది కదా. హైబ్రిడ్‌కి వేరే పేజీ. ఆరు నెలలకోసారి ఇదే పేజీ, ఇవే గడులు, వరుస కూడా మార్చను. బాగున్న అంకె పైకీ, బాగాలేనిది కిందకీ జరగకూడదనే ఆ పట్టింపు.

రెండో సమావేశం ఏప్రిల్ 4, శుక్రవారం. సోమవారం ఏప్రిల్ 7న అమెరికా సుంకాల భయంతో మార్కెట్ తెరవడమే పడిపోయింది, సాయంత్రానికి నిఫ్టీ 3 శాతానికి పైగా పోగొట్టుకుని 22,160 దగ్గర ఆగింది. పొద్దున్నే టీవీలో అంతా ఎరుపు. పదిన్నరకి ఆవిడ ఫోన్. నాకు గుండె దడదడలాడింది, 2020 ఏప్రిల్ గుర్తొచ్చింది.

"బాబూ, నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈ రోజు నేనేమీ చేయకపోతే, మన పేజీలో ఏ గడి మారుతుంది?"

"ఈ రోజు విలువ గడి మారుతుంది మేడమ్. దాన్ని పట్టుకుని ఉండే రేటు, లాభం, పన్ను గడులు కొంచెం కదులుతాయి."

"యూనిట్లు?"

"22,500. అవే ఉంటాయండి."

"మరి అమ్మితే?"

"అమ్మకాల్లో పోయింది అన్న గడి తిరగరాయాలి. ఎగ్జిట్ లోడ్ లేదు, నష్టం కూడా కాకపోవచ్చు, కానీ యూనిట్లు తగ్గిపోతాయి, మళ్లీ ఏ ధరకి కొంటామో తెలీదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "64కి కొన్నది ఇక్కడ ఎర్ర పెన్నుతో రాసుకున్నాలే," అన్నారు. తర్వాత హైబ్రిడ్ ఫండు మార్పిడి ఫారంలో నామినీ గడి ఎలా నింపాలో అడిగి, చెప్పాక ఫోన్ పెట్టేశారు.